విప్పి చూసిన ఉస్తాద్

నేను లూధియానాలో పుట్టిన హీరో సైకిల్‌ని. నల్లరంగు, రాడ్ బ్రేకులు, వెనక బరువైన క్యారియర్. వరంగల్ ఆజంజాహి మిల్లు కార్మికుడొకాయన నన్ను కొనుక్కున్నాడు. 1934లో మొదలైన ఆ మిల్లుకు మాలాంటి సైకిళ్లు షిఫ్టు షిఫ్టుకూ బారులు తీరేవి. మమ్మల్ని నమ్ముకుని రిపేరు దుకాణాలు బతికేవి. మిల్లు మూతపడింది, మోటారు బండ్లు పెరిగాయి. దుకాణాలు చాలావరకు పంచర్ షాపులయ్యాయి. నేను ఇంటెనక రేకుల షెడ్డులో పడ్డాను.

2020లో, కరోనా కాలంలో, ఆయన మనవరాలు నన్ను బయటికి తీసింది. "తాతా, దీన్ని బాగుచేయించుకొని నేనే తొక్కుత" అంది. నన్ను నడిపించుకుంటూ దుకాణాలు తిరిగింది. ఒకచోట "పాత మోడల్, పార్టులు రావు" అన్నారు. ఇంకోచోట ఒక్క నట్టు విప్పకుండానే రెండు చక్రాలూ మార్చాలన్నారు. మరోచోట దుమ్ము తుడవకుండా చైను మీద ఆయిలు పోశారు. దుమ్మూ ఆయిలూ కలిస్తే ఇనుమును అరగదీసే ముద్ద అవుతుందని నా పళ్లకు తెలుసు.

చివరికి మట్టెవాడ సందులో ఒక ఉస్తాద్ దొరికాడు. ఆయన ధర చెప్పలేదు, ముందు నా వెనక చక్రం ఎత్తి తిప్పాడు. రిమ్ము బ్రేకు కట్టకు ఎక్కడ రాసుకుంటుందో కన్నార్పకుండా చూశాడు. పెడల్ కాడ పట్టుకుని పక్కలకు ఊపి, ఇరుసు వదులైందని పసిగట్టాడు. చైను మీద స్కేలు పెట్టాడు. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. నాది అంతకంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ సాగింది.

"చైనొక్కటే మారిస్తే పండ్ల మీద జారుతది బిడ్డా, ఫ్రీవీలు గూడ మార్చాలె. రిమ్ములు మంచిగున్నయ్, పారెయ్యకు."

"ఎంతైతది చాచా?"

లెక్క చెప్పి, ఆమె సరే అన్నాకే పానా పట్టాడు. బేరింగు గోళీలను గాసునూనెలో కడిగి, గుంటలు పడ్డవి తీసేసి, కొత్త గ్రీజు పెట్టాడు. చువ్వలు ఒక్కొక్కటే బిగించి బెండు తీశాడు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని మరవలేదు. తీసేసిన పార్టులు కాగితంలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

తర్వాత కేంద్రం నిర్వహించిన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటైంది. ఆ పేరు చూసి పొంగిపోయాను. అయితే రోడ్డు పక్కన సైకిల్ దారి అని గీత గీసినంత మాత్రాన మేం నడవం. ఇరుసు వదులైన రోజున విప్పి బిగించే మనిషి అందుబాటులో లేకపోతే మంచి సైకిల్ కూడా పాత ఇనుప సామాన్ల కొట్టుకే పోతుంది. ఉస్తాద్ పక్కన పని నేర్చుకునే పిల్లగాడు లేడు. నగరం సైకిల్ దారులు వేసేటప్పుడు ఆయనకూ ఒక నీడ, నాలుగు గజాల జాగా చూపాలి.

మీరు కూడా దుకాణం వెతికేటప్పుడు బోర్డు చూడకండి, చక్రం తిప్పి చూసే చేతిని చూడండి. అలాంటి మనిషి దొరికితే ఆయనడిగిన కూలి బేరమాడకుండా ఇచ్చి, మీ వాడకట్టు పిల్లల సైకిళ్లను కూడా ఆయన దగ్గరికే పంపండి.