చల్లారేదాకా నన్ను తియ్యకండి

నేను జుట్టులో చుట్టే రోలర్‌ని. బోలు ప్లాస్టిక్ గొట్టం, దాని మీద సన్నని వెల్క్రో కొక్కేలు, అంతే నా ఒళ్లు. నాలో మోటారు లేదు, వేడి పుట్టించే తీగ లేదు. బ్లో డ్రై అనగానే అందరి చూపూ డ్రయ్యర్ మీదికీ, రౌండ్ బ్రష్ మీదికీ పోతుంది. వాటి పని గొప్పదే. కానీ పార్లర్ నుంచి ఇంటికి చేరేలోపే వంకీలు జారిపోయాయనీ, నెత్తి మీద ఒత్తు అణిగిపోయిందనీ బాధపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వంకీని తెచ్చేది వేడి, నిలిపేది చల్లారడం. ఆ రెండో సగాన్ని వదిలేస్తున్నారు.

వెంట్రుక అంటే చాలావరకు కెరటిన్ అనే ప్రోటీన్. అందులోని డైసల్ఫైడ్ బంధాలు గట్టివి, నీళ్లకూ డ్రయ్యర్ గాలికీ లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనం, కానీ లెక్కలేనన్ని. తల తడవగానే నీరు వాటి మధ్యకు దూరి విడగొడుతుంది. అందుకే తడి జుట్టు సాగుతుంది, ఎటు వంచితే అటు వంగుతుంది. 1930ల్లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ అనే శాస్త్రవేత్త ఉన్ని మీదా వెంట్రుకల మీదా ఎక్స్ కిరణాలు పంపి, సాగదీసిన కెరటిన్‌లో లోపలి అమరికే మారుతుందనీ, వదిలేస్తే పాత అమరికకు తిరిగి రాగలదనీ చూపించాడు. నీరు పోయి వేడి దిగే వేళకు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే, తిరిగి కలిసే బంధాలు ఆ ఆకారాన్నే పట్టుకుంటాయి. గంజి పెట్టిన నేత చీర మడత కూడా ఇస్త్రీపెట్టె కింద కాదు, చల్లారాక బిగుస్తుంది. నూలులోనూ పనిచేసేవి హైడ్రోజన్ బంధాలే. వేడి పాయ నుంచి బ్రష్ లాగేసి వదిలేస్తే, జుట్టు బరువు ఎటు లాగితే బంధాలు అటే కుదురుకుంటాయి. పొడవాటి జుట్టుకు ఈ నష్టం మరీ ఎక్కువ. బ్రష్ తీసిన వెంటనే ఆ వేడి పాయను నాకు చుట్టి, కుదురు దగ్గర నిలువుగా లేపి పెట్టాలి. డ్రయ్యర్ మీది చల్లగాలి మీట ఉన్నదీ ఇందుకే.

మరింత వేడి పెడితే మరింత నిలవదా అంటారు. తడి వెంట్రుకకు మితిమీరిన వేడి తగిలితే లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, వెంట్రుక పెళుసై విరుగుతుంది. వేడి పెంచడం కాదు, తడి పూర్తిగా తీయడం ముఖ్యం. పైకి ఆరినట్టున్నా లోపల చెమ్మ మిగిలితే వంకీ నిలవదు. ముందుగా తలను వేళ్లతో విదిలిస్తూ ముప్పావువంతు ఆరబెట్టి, ఆ తర్వాతే బ్రష్ పట్టాలి. పాయ వెడల్పు నా పొడవుకు మించకూడదు. నూనె, కండిషనర్ కుదుళ్లకు తగలకూడదు. ఆ బరువుకు ఒత్తు అణిగిపోతుంది.

స్ప్రే ఉండగా రోలరెందుకన్నది రెండో మాట. తొలినాటి స్ప్రేలలో లక్క నుంచి తీసిన షెల్లాక్ వాడేవారు, 1950ల్లో పీవీపీ అనే పాలిమర్ వచ్చింది. ఇవి సన్నని పొరగా ఆరి ఉన్న ఆకారాన్ని కాపాడతాయి, లేనిదాన్ని ఇవ్వలేవు. పైగా పీవీపీ గాలిలోని తేమను పీల్చి జిగటబారుతుంది. కనుక స్ప్రే నన్ను తీశాక, తేలిగ్గా. ఇక పర్మింగ్ అంటారా, అది డైసల్ఫైడ్ బంధాలనే తెంచి కలుపుతుంది. ఒక పెళ్లి సాయంత్రం కోసం జుట్టును అంత కష్టపెట్టడం నాకు న్యాయంగా తోచదు.

అంత తీరిక ఎక్కడిదన్న మాటను మాత్రం నేను కొట్టెయ్యను. కానీ నేను నెత్తి మీద ఉండగానే చీర కట్టుకోవచ్చు, నగలు పెట్టుకోవచ్చు. తల మొత్తానికి అక్కర్లేదు, నెత్తి పైభాగానికి మూడు నాలుగు రోలర్లు చాలు. చేత్తో తాకితే పాయ చల్లగా తగలాలి, అప్పుడే మెల్లగా విప్పండి. వెంటనే దువ్వకండి, వేళ్లతో విడదీయండి.

గాలితో మాత్రం నేను గెలవలేను. తేమ నిండిన గాలిలో వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీరు పీల్చుకోగలదు, కుదిరిన బంధాలు మళ్లీ విడిపోతాయి. హైదరాబాదు ఎండాకాలపు పొడిగాలిలో నిలిచే వంకీ విశాఖ తీరంలో అంతసేపు నిలవదు. అది చేసినవాళ్ల తప్పు కాదు. ముసురు పట్టిన రోజు నన్నూ డ్రయ్యర్‌నూ పక్కన పెట్టి జడ వేసుకోండి.