పని చేయని నోటుకే పట్టాభిషేకం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అచ్చయిన నోటు ఇంట్లో ఉంటే దేశచరిత్ర ఇంట్లో ఉన్నట్టేనట. పాత నోట్లు పోగేసే పెద్దమనుషులు చిక్కబళ్ళాపురం నుంచి బెంగళూరు దాకా వల్లించే మాట ఇది. ఆ మాట నమ్మి బాగేపల్లి పక్క పల్లెలో ఒక అవ్వ ఆకువక్క తిత్తిలోంచి పది రూపాయల నోటు తీసిందనుకుందాం. ఒక పక్క మూడు సింహాలు, ఇంకో పక్క తెరచాప పడవ. అసలుదే, అనుమానం లేదు. పెద్దమనిషి దాన్ని పట్టకారుతో ఎత్తి వెలుగుకు అడ్డం పెడతాడు. మడతల దగ్గర నూగు లేచింది. మూలన సున్నం మరక. ఖాళీ చోట ఎవరో షావుకారు పెన్సిల్‌తో వేసుకున్న కూడిక. “దీనికేమొస్తుందవ్వా, బాగా నలిగిపోయింది” అని తిరిగి ఆమె చేతిలోనే పెడతాడు.

మరి ఆయనకు కావలసిన నోటు ఏది? సంతకు వెళ్లనిది. శెనక్కాయ విత్తనాలు కొననిది, కూలి కింద చేతులు మారనిది, పెళ్లి చదివింపుల్లో చేరనిది. బ్యాంకు కట్టలోంచి నేరుగా బీరువాలోకి, బీరువాలోంచి నేరుగా ప్లాస్టిక్ తొడుగులోకి నడిచిన నోటు. వాళ్ల భాషలో దాన్ని యూఎన్‌సీ అంటారు, అంటే చలామణీలోకి దిగనిదని. అమెరికాలో ఇందుకోసమే కంపెనీలున్నాయి. రుసుము కట్టి పంపితే నోటును తొడుగులో బిగించి, 70కి ఇన్ని మార్కులని చీటీ అంటించి పంపిస్తాయి. కొత్త దేశం కాళ్లూచేతులూ కూడదీసుకుంటున్న రోజుల్లో ఏ పనీ చేయకుండా కూర్చున్నందుకు పడే మార్కులవి.

పాపం, మన బ్యాంకులకు ఈ మార్కుల సంగతి తెలియక దశాబ్దాల పాటు నోట్ల కట్టలకు పిన్నులు కొట్టాయి. ఇక చాలించమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది 2001 నవంబరులో. అంతదాకా అచ్చు వాసన పోని నోటుకు కూడా ఎడమ పక్క చిల్లులు తప్పలేదు. ఇప్పుడు ఆ చిల్లు కట్టకు కొట్టినప్పుడు పడిందా, ఆ తర్వాత పడిందా అని భూతద్దాలు పెట్టి పంచాయతీ చేస్తారు. ఆ నోటు ఏ ఊళ్లో ఏం కొన్నదన్న ప్రశ్న మాత్రం పంచాయతీకి రాదు.

“1947 ఆగస్టు నాటి నోటు” అమ్మేవాళ్లది ఇంకో భజన. ఆ నెలలో జనం చేతుల్లో ఆడింది ఆరో జార్జి బొమ్మ నోటే. రాజ్యం పోయినా రాజుగారు నోటు మీంచి వెంటనే దిగలేదు. ఆయన చోట గాంధీని కూర్చోబెడదామని డిజైన్లు కూడా సిద్ధం చేశారు. చివరకు సారనాథ్ సింహాలు నెగ్గాయి: 1949లో రూపాయి నోటు మీద, 1950లో రెండు, అయిదు, పది, వంద నోట్ల మీద. గాంధీకి 1969లో శతజయంతి వచ్చేదాకా నోటు మీద చోటు దొరకలేదు. రాజుగారి నోటు మీద దేశ్‌ముఖ్ సంతకం ఉందంటే, ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న 1943 నుంచి 1949 వరకు ఎప్పటిదైనా కావచ్చు. రిజర్వు బ్యాంకు తన నోట్ల మీద ముద్రణ సంవత్సరం వేయడం మొదలుపెట్టింది 2005లో. అయినా సరే, అమ్మేవాడికి అర్ధరాత్రి అచ్చయిన ముహూర్తంతో సహా తెలుసు.

నలిగిన నోటును పెద్దమనిషి కాదంటే, ఫోన్లో మోసగాడు కళ్లకద్దుకుంటాడు. ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటుందా? నంబరు చివర 786 ఉందా? లక్షలు మీవే! చింతామణి మార్కెట్లో టమాట బాక్సులు మోసి వచ్చిన మనిషి ఆశపడి నోటు ఫొటో పంపుతాడు. బదులుగా రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక ఉత్తరం, దాని వెనకే రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ వెనకే పన్ను. కట్టవలసినవన్నీ కట్టాక అవతలి నంబరు పలకదు. తన పేరు వాడుకుని కమీషన్లు గుంజుతున్నారని, తనకు ఈ బేరాలతో సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ ట్రాక్టరు నోటు మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, అయిదు రూపాయలకు.

సేకరణ అంటే ప్రభుత్వానికీ గౌరవమే. 2016లో రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లు మామూలు మనిషి దగ్గర పదికి మించి ఉంటే నేరమని 2017లో చట్టం చేశారు. చదువు కోసమో, పరిశోధన కోసమో, నోట్ల సేకరణ కోసమో అయితే 25 దాకా ఉంచుకోవచ్చు. చరిత్ర మీద ప్రేమకు సర్కారు కట్టిన వెల, పదిహేను చెల్లని నోట్లు.

ఈ 70 మార్కుల కొలబద్ద మనుషులకూ పెట్టి చూడాలి. ఇదే చిక్కబళ్ళాపురం జిల్లాలో, గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థం ఉంది. 1938 ఏప్రిల్ 25న నిషేధాన్ని లెక్కచేయకుండా జెండా ఎత్తడానికి అక్కడ చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. నోట్ల పెద్దమనుషుల లెక్క ప్రకారం వాళ్లలో ఒక్కరికీ మంచి గ్రేడు రాదు. చిల్లులు పడినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజు తలుపు గడియ పెట్టుకుని పడుకున్నవాడే నిఖార్సయిన సరుకు. చొక్కా మడత కూడా నలగలేదు కనుక 70కి 70 ఇచ్చి, స్వాతంత్ర్యోద్యమ కాలపు అరుదైన నమూనా అని చీటీ అంటించి వేలానికి పెట్టవచ్చు.