మబ్బు చాటు మిరాజ్

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానం కొబ్బరిచెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. జీడితోటలు నేలకరిచాయి. ఆ రాత్రి ఆకాశంలో మబ్బుకు కొదవే లేదు. అయినా తుపాను కన్ను ఎటు కదులుతోందో విశాఖ కైలాసగిరి మీది రాడార్ చూస్తూనే ఉంది. తానే మబ్బయి ఉండి కూడా, మబ్బు చాటున దాక్కునే కిటుకు తిత్లీకి తెలియలేదు పాపం.

ఆ కిటుకు ఏడు నెలల తర్వాత, 2019 మే 11న దేశానికి తెలిసింది. ఫిబ్రవరి 26న మన వాయుసేన మిరాజ్-2000 యుద్ధవిమానాలు పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద దాడికి వెళ్లాల్సిన రాత్రి వాతావరణం బాగాలేదట. తేదీ మారుద్దామా అని నిపుణులు సందేహించారట. మబ్బులూ వానా ఉంటే రాడార్‌కు చిక్కకుండా పోవచ్చు కదా అని తానే దారి చూపానని ప్రధాని నరేంద్ర మోదీ ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు. అది తన ‘రా విజ్డమ్’, అంటే ముడి తెలివి, అని కూడా అన్నారు. పలాసలో ముడి జీడిపిక్కను ఎవరూ అలాగే నోట్లో వేసుకోరు. కాల్చి, కొట్టి, పొట్టు తీస్తేగానీ పప్పు చేతికి రాదు. తొందరపడితే నోరు పొక్కుతుంది.

దేశంలో మొట్టమొదటి తుపాను రాడార్‌ను పెట్టింది విశాఖలోనే, 1970లో. మబ్బుకు రాడార్ కళ్లు మూసుకుపోయేటట్టయితే శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో రాడార్ చూసి తుపాను హెచ్చరిక ఇవ్వడమే కుదిరేది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ రాడారే దెబ్బతింది. గాలి దాన్ని దెబ్బకొట్టింది. మబ్బు మాత్రం దాన్ని గుడ్డిదాన్ని చేయలేకపోయింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మబ్బులోని నీటి తుంపర మిల్లీమీటరులో ఏ నూరోవంతో ఉంటుంది. తుపాను రాడార్ పంపే తరంగం పొడవు 10 సెంటీమీటర్లు. ఏనుగు దారికి చీమ అడ్డం పడినట్టే. చినుకులు పెద్దవైతే కొంత తరంగాన్ని వెనక్కి కొడతాయి; వాన ఎక్కడ పడుతోందో మనకు తెలిసేది అందువల్లే. తరంగం పొట్టిదైతే జడివాన అందులో కొంత మింగేస్తుంది, ఆ మాట నిజమే. కానీ గంటకు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే లోహపు పక్షినీ, తీరిగ్గా తేలే మబ్బునూ వేగం తేడాతో విడదీయడం రాడార్లకు ఏనాడో వచ్చిన విద్య. యుద్ధవిమానాన్ని నిజంగా దాచేవి కొండలూ, భూమి గుండ్రదనమూ. అందుకే పైలట్లు నేలను ఒరుసుకుంటున్నట్టు కిందికి దిగి ఎగురుతారు, మబ్బును వెతుక్కుంటూ పైకి పోరు.

అసలు బాంబర్లకు రాడార్ తగిలించిందే మబ్బు మీద కోపంతో. యూరప్ ఆకాశం తరచూ మూసుకునే ఉంటుంది, కింద ఊరేదో చెరువేదో తెలియదు. ఆ బాధ పడలేక బ్రిటిష్ వాళ్లు ఎచ్‌టూఎస్ అనే రాడార్‌ను విమానం పొట్టకింద కట్టి, 1943 జనవరి 30 రాత్రి హాంబర్గ్ మీద మొదటిసారి వాడారు. దాని తరంగం కూడా దాదాపు 10 సెంటీమీటర్లే. మిరాజ్ ముక్కులోనూ రాడార్ ఉంది. మబ్బుకు లొంగిపోయే సరుకే అయితే దాన్ని అంత దూరం మోసుకుపోవడం దేనికి?

మబ్బు నిజంగా ఎవరి కళ్లకు గంతలు కట్టిందో కూడా చూడాలి. కెమెరా చూపుతో గురివైపు నడిపించాల్సిన క్రిస్టల్ మేజ్ క్షిపణులను బాలాకోట్ దాడి రాత్రి మబ్బుల వల్లే వదలలేకపోయారని తర్వాత వార్తలొచ్చాయి. అంటే శత్రువు రాడార్‌కు అడ్డం పెడదామనుకున్న తెర మన కెమెరాకే అడ్డం పడింది.

ఆ ఇంటర్వ్యూలో పెద్దాయన నోరుజారితే అది అంతటితో పోయేది. పక్కవాళ్లు పోనివ్వలేదు. మే 25న సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్, కొన్ని రాడార్లు మబ్బుల్లోంచి చూడగలవు, కొన్ని చూడలేవు అన్నారు. ఆ వెంటనే వాయుసేన పశ్చిమ కమాండ్ అధిపతి ఎయిర్ మార్షల్ రఘునాథ్ నంబియార్ కూడా, దట్టమైన మబ్బులుంటే రాడార్ సరిగ్గా పసిగట్టలేదని వత్తాసు పలికారు. యూనిఫాం వేసుకున్నవాళ్లకు వాతావరణం కన్నా ముందు కనిపెట్టాల్సినవి చాలానే ఉంటాయి మరి.

వీళ్లు ఈ మాటలు అనడానికి కొద్దిరోజుల ముందే, మే 22 ఉదయం అయిదున్నరకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ46 లేచింది. అది తీసుకెళ్లిన 615 కిలోల రీశాట్-2బీ ఉపగ్రహంలో ఉన్నది రాడార్. దాదాపు 555 కిలోమీటర్ల ఎత్తు నుంచి, పగలైనా రాత్రైనా, మధ్యలో ఎన్ని మబ్బులు పేరుకున్నా, కింద ఎవరి పొలం మునిగిందో అది చెప్పగలదు.