ఇడ్లీ రేకులకు డెప్యుటేషన్

ఇంట్లో అండా లేనివాడికి టమోటా చవగ్గా దొరక్కూడదు. మదనపల్లెలో పుట్టినవాణ్ణి, ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. 2023 జులైలో మా యార్డులోనే కిలో నూరు దాటి పరిగెత్తింది. చారులో రెండు ముక్కలు కనబడితే ఇన్‌కంటాక్సు వాళ్లు వస్తారేమోనని తలుపేసుకుని తిన్నాం. సెప్టెంబరుకల్లా అదే పండు రోడ్డు పక్కన పారబోసే ధరకి దిగింది. అదను చూసి మా బావమరిది ఆరు బాక్సులు తెచ్చి వరండాలో దించాడు. "బావా, గుజ్జు తీసి సీసాల్లో పట్టేద్దాం. ఏడాదంతా మార్కెట్టు మొగం చూసే పనుండదు" అన్నాడు. అని, టీ తాగి, వెళ్లిపోయాడు.

ఈ పనికి అమెరికాలో ప్రత్యేకమైన సామానే ఉంటుంది. అడుగున జాలీ ఉన్న పెద్ద పాత్ర, సీసాని మెడ దగ్గర పట్టి లేపే పటకారు, వెడల్పు మూతి గరాటు. మన ఇళ్లలో అట్లా ఒక్క పనికే పుట్టిన వస్తువు ఉండదు. అన్నీ గవర్నమెంటు గుమాస్తాలే. సొంత పోస్టు ఒకచోట, డ్యూటీ ఇంకొకచోట. అవసరమైన వస్తువు దొరకడం కష్టం కాదు, దాన్ని పాత సీటు నుంచి రిలీవ్ చేయించడమే కష్టం.

అండా టెంట్ హౌస్ నుంచి అద్దెకొచ్చింది. రెండొందల మందికి సాంబారు కాచిన పాత్ర, చుట్టూ ఎవరెవరి పెళ్లిళ్ల మసో ఉంది. సీసాలు దాని అడుగుకి నేరుగా తగిలితే పగులుతాయి. అందుకని ఇడ్లీ రేకులు బోర్లించి కింద పరిచాను. "రేపు టిఫినేం చెయ్యాలి?" అంది మా ఆవిడ. ఉప్మా అన్నాను. ఆ ఇంట్లో ఆ తర్వాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పట్టకారుకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి జారకుండా చేశాను. ఇది మాత్రం బయట కొన్నదానికంటే బాగుందని నా అభిప్రాయం.

గరాటు దగ్గరే చిక్కొచ్చింది. నీళ్ల సీసా మెడ కోసి పెడితే, మరిగే గుజ్జు తగలగానే అది ముడుచుకుని పువ్వులా వాలిపోయింది. చివరికి మా అమ్మ దేవుడి గూట్లోంచి ఉగ్గుగిన్నె తీసిచ్చింది. మా వంశంలో నాలుగు తరాల పిల్లలకి ఆముదం పట్టిన వెండి గిన్నె. ఆరు బాక్సుల టమోటా గుజ్జుని ఉగ్గుగిన్నెతో పోస్తూ కూచుంటే, ప్రతి సీసా మూతీ తుడిచి "పడుకో నాయనా" అనబుద్ధేసింది.

నవ్వొద్దు. ఈ విద్య కనిపెట్టిన పెద్దమనిషి సరంజామా కూడా ఇంచుమించు ఇంతే. నికొలా అపేర్ అని ఫ్రాన్సులో మిఠాయిలు చేసేవాడు. మొదట్లో షాంపేన్ సీసాల్లోనే పదార్థాలు నింపి, బిరడా కొట్టి, తీగ చుట్టి, ఒకదానికొకటి తగిలి పగలకుండా గుడ్డ సంచుల్లో పెట్టి మరిగే నీళ్లలో కాచాడు. 1810లో ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చింది. అట్లా కాస్తే ఎందుకు పాడవదో ఆయనకీ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చేసరికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. మా సీసాల మధ్యకి గుడ్డ సంచుల బదులు నా లుంగీలు వెళ్లాయి. అందులో ఒకటి కొత్తది.

పాత్రల విషయంలో ఎంత సర్దుబాటైనా చేసుకోవచ్చు గానీ, పులుపు దగ్గరా టైము దగ్గరా మన తెలివి పనికిరాదు. టమోటా పుల్లగా ఉంటుందనుకుంటాం గానీ దాని పీహెచ్ సరిగ్గా 4.6 అనే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది. గీత దాటితే బొటులిజం తెచ్చే క్రిమికి గాలి లేని సీసా అత్తారిల్లే. దాని బీజాలు మరిగే నీళ్లకి చావవు. అందుకే అరలీటరు సీసాకి పావు టీస్పూను నిమ్మఉప్పు వెయ్యాలి. పక్కింటి అక్క అప్పుడే గంపెడు చిక్కుడుకాయలు పట్టుకొచ్చి "పన్లో పనిగా ఇవి గూడా ఎయ్యి తమ్ముడూ" అంది. పులుపు లేని కూరగాయలకి ప్రెషర్ మీద నడిచే వేరే పాత్ర కావాలక్కా, అండాలో కుదరదు అన్నాను. పొయ్యి మీద జాగా లేక సాకు చెబుతున్నానని ఆమె నేటికీ నమ్ముతోంది.

టైము సంగతి ఇంకా తమాషా. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో నలిపిన టమోటాకి ఈ సైజు సీసాలైతే 35 నిమిషాలు అని ఉంటుంది. అది సముద్రమట్టానికి 1,000 అడుగుల లోపు ఊళ్లకి. మదనపల్లె 2,200 అడుగులు పైబడిన ఊరు. ఇక్కడ నీళ్లు నూరు డిగ్రీలు ముట్టకుండానే మరుగుతాయి కాబట్టి 40. చల్లటి ఊరని చుట్టాల దగ్గర ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకున్నందుకు అయిదు నిమిషాల గ్యాసు జరిమానా అన్నమాట. ఇదంతా అమ్మకి వివరిస్తే శ్రద్ధగా విని, "సరేలే అబ్బోడా, ఎన్ని కూతలు రావల్లో చెప్పు" అంది. అండా కూత వెయ్యదమ్మా అంటే, అయితే ఉడికినట్టు ఎట్లా తెలుస్తుందని ఆమె అనుమానం. మూతలు మునిగి పైన రెండంగుళాలు నీళ్లు నిలవాలని చెప్పాక ఆ పని మాత్రం పట్టుదలగా తీసుకుంది. చెంబుతో వేణ్ణీళ్లు పోస్తూ అక్కణ్ణించి కదల్లేదు.

మూతలు మాత్రం కొత్తవి కొన్నాం. పాతవాటి రబ్బరు అంచు అణిగిపోయి ఉంటుంది, పైగా అన్నీ మాగాయ వాసన. బయటకి తీసిన సీసాలు చల్లారుతూ ఒక్కొక్కటే "టిక్కు"మని మూత నడుమ లోపలికి లాక్కున్నాయి. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా మా ఆవిడ ముఖంలో ఇడ్లీ కోపం కాస్త కాస్త తగ్గింది. టిక్కుమనని వాటిని మర్నాడు చారు పెట్టి, ఉప్మాకి తోడిచ్చాం.

అండా అప్పజెప్పేరోజు టెంట్ హౌస్ ఆయన దాన్ని వంచి చూశాడు. మా బోరు నీళ్ల సున్నం లోపలంతా తెల్లటి గీతలుగా కట్టింది. తోముడు కూలి వేరే ఇయ్యాలన్నాడు. కూలితో పాటు ఒక సీసా కూడా చేతిలో పెట్టాను. వెలుతురుకి ఎత్తి చూశాడు, తిప్పి చూశాడు, మూత మీద గోటితో కొట్టి చూశాడు.

"సార్, మా బామ్మర్ది గూడా ఎనిమిది బాక్సులు దించి పోయినాడు. అండా అయితే ఉండాది" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ ఇడ్లీ రేకులేమన్నా రెండు రోజులు అద్దెకిస్తారా?"