బుష్‌ల గురించి చెవిన పెట్టకూడని సలహాలు

"సముద్రం పక్కన ఊరు. వానలకు ముందు కారు కింద పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించు, తుప్పు పట్టదు." విశాఖలో కారు కొన్నవాళ్లకు ఎవరో ఒకరు చెప్పే సలహా ఇది. ముందు దీన్ని మానుకోండి. తుప్పు భయం నిజమే, మందే తప్పు. సస్పెన్షన్ బుష్ అంటే బయట ఇనుప గుల్ల, లోపల ఇనుప గొట్టం, ఆ రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. ఎక్కువగా సహజ రబ్బరే వాడతారు. దానికి పెట్రోలియం నూనె పడదు. నూనె పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి ఇనుము నుంచి విడిపోతుంది. చాసిస్‌ను కాపాడబోయి బుష్‌లను పోగొట్టుకుంటాం. తుప్పు రాకూడదంటే అడుగున పేరుకున్న ఉప్పునూ బురదనూ మంచినీళ్లతో తరచూ కడిగించండి. అండర్‌కోటింగ్ వేయిస్తే బుష్‌ల మీద పడకుండా కప్పించండి. ఇంజిన్ ఆయిల్ కారి, బుష్‌లు ఉండే లోయర్ ఆర్మ్ మీద పడుతుంటే, ముందు ఆ లీకు ఆపించాకే కొత్త బుష్ మాట ఎత్తండి.

"కింద టక్‌టక్‌మంటోందా? షాకులు పోయినట్టే." ఈ మాట నమ్మి వేలకు వేలు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పోర్టు లారీలు తిరిగే సింధియా, మల్కాపురం దారిలో రోజూ గాజువాకకు వెళ్లొచ్చే కారుకు లింక్ రాడ్డో, స్టెబిలైజర్ బుష్షో ముందు పోవచ్చు. బ్రేకు వేయగానే దడ్‌మన్నా, బండి ఒక పక్కకు లాగినా, టైరు లోపలి అంచు అరుగుతున్నా లోయర్ ఆర్మ్ వెనక బుష్ చూడమనండి. పలుగుతో మెల్లగా ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. పైపైన సన్నటి బీటలుంటే కంగారక్కర్లేదు. రబ్బరు లోతుగా చీలినా, ఇనుము నుంచి ఊడినా మార్చాల్సిందే.

ఇక ఎంపిక. "గట్టిది వేస్తే ఎక్కువ కాలం వస్తుంది, పాలీయురేథేన్ వేసేయ్" అంటారు కుర్రాళ్లు. పందెం కారుకు అది సరే. ఇంటిల్లిపాదీ ఎక్కి అరకు ఘాట్ మీదుగా వెళ్లే కారుకు వద్దు. రబ్బరు మింగే అదురంతా సీట్లోకి వస్తుంది. పైగా ఆర్మ్ నాలుగు వైపులకూ కదలాల్సిన చోట గట్టి బుష్ కదలనివ్వకపోతే ఆ ఒత్తిడి బ్రాకెట్ మీద పడుతుంది. కంపెనీ రబ్బరు బుష్షే తీసుకోండి. ఆటోనగర్‌లో అచ్చం అలాంటిదే తక్కువకు దొరుకుతుంది కానీ, కొలత ఒకటే అయినంత మాత్రాన లోపలి రబ్బరు ఒకటే కాదు. పార్ట్ నంబరు సరిచూసుకోండి. మీ మోడల్‌లో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసి వచ్చేదై, అదీ అరిగి ఉంటే మొత్తం ఆర్మ్ మార్చడమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా మరొకటుంది: "బండి జాకీ మీద ఉండగానే బోల్టులన్నీ టైట్ చేసేయ్." ఇలాంటి రబ్బరు బుష్‌లో లోపలి గొట్టం తిరగదు. బోల్టు బిగించగానే బ్రాకెట్‌కు అంటుకుపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందకీ ఊగినప్పుడల్లా మధ్యలోని రబ్బరే మెలిపడాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందకు దించేసరికే ఆ రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది. గుంత వచ్చినప్పుడు ఇంకా మెలిపడుతుంది. అందుకే మంచి బుష్ కూడా త్వరగా చీలుతుంది, "సరుకు నాసిరకం" అని కొట్టువాణ్ణి తిడతాం. ముందు బోల్టులు చేత్తో తిరిగినంత మాత్రమే బిగించాలి. బండి బరువు చక్రాల మీద పడ్డాక, కంపెనీ చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించాలి. పక్కన నిలబడి అడగండి, మొహమాటపడొద్దు.

"నాలుగు సుత్తి దెబ్బలు వేస్తే ఎక్కుతుంది", "గ్యాస్ మంట పెడితే ఊడుతుంది": రెండూ వద్దు. ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్లండి. బయటి గుల్లను మాత్రమే నొక్కాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే అతుకు తెగుతుంది. జారడానికి గ్రీజు రాయొద్దు, సబ్బు నీళ్లు చాలు. కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు. అవి ఏ దిక్కున ఉన్నాయో పాతది తీసేముందే ఆర్మ్ మీద గుర్తు పెట్టుకోవాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకు దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

ఒక పక్కదే పోయినా రెండు పక్కలా మార్చండి. ఆర్మ్ విప్పాక అలైన్‌మెంట్ తప్పదు, రేపంటే టైరు అరుగుతుంది.

ఈ ఊరి కార్లలో బోల్టు లోపలి గొట్టంలోనే తుప్పుతో బిగుసుకుపోతుంది. కొత్తది వేసేటప్పుడు బోల్టు మరలకు కాకుండా నడుముకు మాత్రం యాంటీ సీజ్ పేస్టు పల్చగా రాసి, రబ్బరుకు అంటినది తుడిచేయండి. పాత బోల్టు నడుము తుప్పుకు సన్నబడి కనిపిస్తే, దాన్ని మళ్లీ వాడనివ్వకండి.