ఫైలు పాడవలేదు

కంప్యూటర్‌తో పాటే మా ఇంటికి వచ్చిన వీడియో ప్లేయర్‌కు,

మొన్న సంక్రాంతికి అమ్మ బీరువాలోంచి అక్క పెళ్లి సీడీలు తీసి నా చేతికిచ్చింది. 2003 నాటి పెళ్లి. అప్పగింతలప్పుడు అమ్మమ్మ పాడిన పాట వాటిలో ఉంది. ఆవిడ గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదు. సీడీలోని డీఏటీ ఫైలు మీద నొక్కాను. ప్లే చేయలేనన్నావు, ఫైలు పాడై ఉండొచ్చన్నావు. అమ్మ మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఫైలు పాడవలేదు. ఆ రోజుల్లో మన పెళ్లిళ్లు చాలావరకు వీడియో సీడీల్లోకే ఎక్కాయి. ఒక్కో దానిలో గంటా పావు, 352 బై 288 చుక్కల బొమ్మ, ఎంపెగ్-1 పద్ధతిలో కుదించింది. డీఏటీ అన్నది పెట్టె మాత్రమే. లోపల మడిచిపెట్టిన బొమ్మనూ శబ్దాన్నీ విప్పేది కోడెక్. పెట్టె తెరవడం నీకు రాలేదు, నింద పెట్టె మీద వేశావు.

కొత్త ఫైళ్లతోనూ ఇదే బాధ. మేనల్లుడి బారసాలను ఫోన్‌లో తీస్తే అది హెచ్‌ఈవీసీ పద్ధతిలో దాచుకుంది. నీ దగ్గర మాటలు వినిపించాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

చివరికి వీఎల్‌సీ అనే మరో ప్లేయర్ తెచ్చుకున్నాను. ఫ్రాన్స్‌లోని ఎకోల్ సాంత్రాల్ పారిస్ కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని అది. 2001లో సోర్స్ కోడ్‌తో సహా అందరిదీ అయింది. కావలసిన కోడెక్‌లను వెంట తెచ్చుకుంటుంది. అందులో అదే ఫైలు తెరిచాను. పాట వినపడగానే అమ్మ తడి చేతులతోనే పరుగున వచ్చింది.

కొన్ని కోడెక్‌లకు పేటెంట్ రుసుములుంటాయని తెలుసు. అన్నీ నీకు రావాలని పట్టుబట్టను. నిజం చెప్పమంటున్నాను. "ఈ ఫైలుకు ఫలానా కోడెక్ కావాలి, నా దగ్గర లేదు" అను. ఆ పేరు తెలిస్తే మా దారి మేం వెతుక్కుంటాం. మరో మాట: మేం ఇంకో ప్లేయర్‌ను ఎంచుకున్నాక, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మా ఫైళ్లను మళ్లీ నీ పేరున రాసుకోకు.

నీ మాట నమ్మి ఎన్ని ఇళ్లలో పెళ్లి సీడీలు చెత్తబుట్టలో పడ్డాయో! వాటిలో ఎందరి అమ్మమ్మలున్నారో!

ఇట్లు,
ఆ పాట పాడినావిడ మనవడు