అటక మీది ఆస్తులు

మా బావగారు 32,000 పోసి కొన్న ట్రెడ్‌మిల్ మీద మా అక్క తువ్వాళ్ళు ఆరేయడం తప్ప ఎవరూ నడిచిన పాపాన పోలేదు. ఆన్‌లైన్లో అమ్మకానికి పెడితే ‘లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో’ అంటూ ఊరంతా అడిగింది. చివరికి ఒకాయన 4,000కి బేరం కుదుర్చుకుని, లిఫ్టు లేదని 200 తగ్గించి మోసుకుపోయాడు. అప్పుడు పట్టుకుంది బావకి ఇన్‌కమ్‌టాక్స్ భయం.

“ఏమోయ్, ఈ 3,800 మీద పన్నెంత కట్టాలి?”

“పైసా అక్కర్లేదు బావా. సొంతానికి వాడుకున్న ఇంటి సామాను క్యాపిటల్ అసెట్ కాదని 1961 చట్టంలోనే రాశారు.”

“అయితే నాకొచ్చిన 28,200 నష్టం రిటర్న్‌లో చూపించుకోనా?”

ఆశకైనా హద్దుండాలి. సోఫా, మంచం, కూలర్, పిల్లాడి సైకిలు... వీటిని కొన్న ధరకి మించి అమ్ముకున్న సంసారి ఎవరైనా మీకు తెలుసా? వచ్చేవన్నీ నష్టాలే. లాభం మీద పన్నంటే నష్టాన్నీ లెక్కలో ఒప్పుకోవాలి. అప్పుడు దేశంలోని ట్రెడ్‌మిళ్ళన్నీ కలిసి ఖజానా మీద కూర్చుంటాయి. అందుకే సర్కారు పెద్దమనసు చేసుకుని మన అటకల జోలికి రాలేదు.

ఆ పెద్దమనసు ధర పెరిగే వస్తువు దగ్గర ఠక్కున ఆగిపోతుంది. నగలకి ఈ మినహాయింపు లేదు. అమ్మమ్మ కాసులపేరు రోజూ మెడలో ఉన్నా సరే, అది క్యాపిటల్ అసెట్టే. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభంలో 12.5 శాతం సమర్పించుకోవాలి. అమ్మమ్మ 2001కి ముందే చేయించి ఉంటే ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా వేసుకోనిస్తారు, అంతవరకూ దయే. 2007లో బొమ్మలు, శిల్పాలు, కళాఖండాలని కూడా నగల సరసన చేర్చారు. గోడకున్న చిత్రానికి గిరాకీ లేనంతకాలం భయం లేదు.

బట్టలది ఇంకా సొగసైన సంగతి. కట్టుకునే బట్టకి మినహాయింపు ఉంది, దానికి కుట్టిన బంగారు, వెండి ఆభరణాలకి లేదు. మా అక్క పెళ్ళినాటి పట్టుచీర జరీ ఏ కోవలోకొస్తుందో తేల్చాలంటే ఆడిటరూ నేతగాడూ ఒకే మగ్గం మీద కూర్చోవాలి.

ఇది మన గొడవే కాదు, మహారాజులకీ తప్పలేదు. ధోల్‌పూర్ రాజావారు బంగారు నాణేలు, వెండి రూపాయలు, వెండి కడ్డీలు అమ్మి, ‘ఇవి మా మహాలక్ష్మి పూజలో పెట్టేవి, సొంత సామానే’ అన్నారు. 1976లో సుప్రీంకోర్టు కుదరదంది. మనిషి దగ్గరగా, మామూలుగా వాడుకునేవే సొంత సామానట, పూజలో పెట్టినంత మాత్రాన చాలదట. వెండి కంచాలూ గ్లాసుల విషయంలో మాత్రం కొన్ని హైకోర్టులు మెత్తబడ్డాయి. అంటే, వెండి అమ్మవారి ముందుంటే పన్ను, మన ముందుంటే లేదు. నైవేద్యం వెండి గిన్నెలో పెట్టి మనమే తినేస్తే ఏమవుతుందో ఎవరూ కోర్టుకెక్కినట్టు లేదు.

కార్ల ముచ్చట చెప్పకపోతే పాపం. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని పాకం పట్టిన పాప్‌కార్న్‌కీ, పాత కార్లకీ 18 శాతమంది. కార్ల మీద కట్టాల్సింది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి, అదీ తన మార్జిన్ మీద. సొంత కారు అమ్ముకునే మనకి సంబంధం లేదు. వాట్సాప్ వింటుందా? 12 లక్షలకి కొని 9 లక్షలకి అమ్మితే మధ్యనున్న 3 లక్షల మీద పన్నని ఊరూరా గగ్గోలు. అది లాభం కాదు నాయనా, నష్టం అని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు. ఆయన్ని అడ్మిన్ ఆ రాత్రే తీసేశాడు.